రిజర్వ్ 1.7 అని రాసేముందు

శ్రావణికి,

నువ్వు పంపిన అమ్మోనియా పెట్ (అమ్మోనియా రూపంలో రేడియో మందు ఎక్కించి గుండె కండరంలో రక్తప్రవాహం కొలిచే స్కాన్) కేసు చూశాను. రెస్ట్‌లో, అంటే ఊరికే పడుకున్నప్పుడు, గ్రాము కండరానికి నిమిషానికి 1.4 మి.లీ. రక్తం; స్ట్రెస్‌లో, అంటే అడెనోసిన్‌తో రక్తనాళాలను వెడల్పు చేసినప్పుడు, 2.4. భాగిస్తే రిజర్వ్ (ప్రవాహం ఎన్ని రెట్లు పెరిగిందో చెప్పే అంకె) 1.7 వచ్చింది, 2 లోపే ఉంది కాబట్టి చిన్న రక్తనాళాల జబ్బేమోనని మీ డాక్టరుగారి అనుమానం. స్ట్రెస్ అంకె నిజమైతే అది బాగానే ఉన్నట్టు. ఎక్కువైంది రెస్ట్. మామూలుగా అది 1కి కాస్త అటూఇటూ ఉంటుంది. పేషెంటు మెషీన్ చూసి భయపడి, బీపీ పెరిగి పడుకుని ఉంటే గుండె పని పెరుగుతుంది, దానికి రక్తమూ ఎక్కువే కావాలి. ఆ సమయంలో గుండె వేగం, పై బీపీ ఎంతున్నాయో వెతుకు. ఆ రెండిటి లబ్ధంతో రెస్ట్‌ను సరిచేసి, మళ్లీ భాగించి చూడమను.

ఆ తర్వాత కర్వ్‌లు, అంటే క్షణక్షణానికీ రేడియో మందు ఎంతుందో చూపే గ్రాఫులు, తెరువు. గుండె కండరాన్నంతా ఒకే చక్రంగా చూపే రంగురంగుల బుల్స్ ఐ బొమ్మ చూసి ఏ నిర్ణయానికీ రావద్దు. రేడియో మందు గుండెలోకి వచ్చే మొదటి రెండు నిమిషాలే లెక్కంతటికీ ఆధారం. ఎడమ జఠరికలో రక్తపు కర్వ్ నిటారుగా లేచి, ఒకే శిఖరం చేసి దిగాలి. శిఖరం వెడల్పుగానో, రెండుగానో ఉంటే కాన్యులా (మందు ఎక్కించే సూది గొట్టం) దగ్గర తేడా జరిగిందేమో చూడు. డోసు మరీ ఎక్కువై డిటెక్టర్లు తట్టుకోలేకపోతే శిఖరం మొండిగా తెగుతుంది. రక్తంలో రేడియో మందు తక్కువున్నట్టు లెక్క పడుతుంది కాబట్టి కండరంలో ప్రవాహం ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. అమ్మోనియాకు బదులు రుబీడియం వాడే చోట ఈ బెడద మరీ ఎక్కువ. దాని అర్ధాయువు 76 సెకన్లే, అందుకని డోసు పెద్దగా ఇస్తారు. అమ్మోనియాకు 10 నిమిషాలు దొరుకుతాయి, కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు.

కదలిక సంగతి టెక్నాలజిస్టులు చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, నాకది నచ్చదు. అడెనోసిన్ ఎక్కగానే మనిషి గట్టిగా ఊపిరి తీస్తాడు, గుండె కిందకి జారుతుంది, మందు ప్రభావం తగ్గేకొద్దీ మెల్లగా పైకొస్తుంది. తొలి ఫ్రేముల్లో (వరసగా తీసిన బొమ్మల్లో) కండరాన్ని గుర్తించే గీత గుండె గోడ మీద కాక రక్తం మీద పడితే ఆ గోడకు లేని ప్రవాహం వచ్చిపడుతుంది. కుడి కరోనరీ ధమని రక్తమందించే ప్రాంతంలో ఒక్కచోటే ప్రవాహం 5 దాటి కనిపిస్తే ముందు దీన్నే అనుమానించు. సాఫ్ట్‌వేర్ తనంతట తాను సరిచేసిందన్నా వదలకు, ఒక్కో ఫ్రేమూ నీ కంటితో చూడు. పెట్ బొమ్మ సీటీ బొమ్మతో సరిగ్గా కుదిరిందో లేదో రెస్ట్‌కీ స్ట్రెస్‌కీ విడివిడిగా చూడాలి. పక్క గోడ సీటీలో ఊపిరితిత్తి మీద పడితే, లేని లోపం పుడుతుంది.

ఇక కాఫీ. "తాగలేదండీ" అంటారు, టీ సంగతి చెప్పరు. కనీసం 12 గంటలు రెండూ మానాలి, తలనొప్పి మాత్రల్లోనూ కెఫీన్ ఉంటుంది. ఆయాసం ఉన్నవాళ్లను డెరిఫిలిన్ వాడుతున్నారేమో పేరు పెట్టి అడుగు, అందులోని థియోఫిలిన్ కూడా కెఫీన్‌లాగే అడెనోసిన్‌ను పనిచెయ్యనివ్వదు. స్ట్రెస్ బొమ్మలో ప్లీహం వెలుగు రెస్ట్‌కన్నా తగ్గిందా అని కూడా చూడు. తగ్గకపోతే అడెనోసిన్ పనిచెయ్యలేదేమో.

ఇవన్నీ చూశాక కర్వ్ బాగాలేదనిపిస్తే రిపోర్టులో అంకె పక్కనే ఆ మాట రాయించు. దశాంశం తర్వాత రెండు అంకెలు వేయించకు, ఒకటి చాలు.

ఇట్లు,
సత్యం మామయ్య