శిక్షకుడా, సాహిణియా?

సందేహం: "పేరుమోసిన శిక్షకుడు పందెపుగుర్రానికి మత్తుమందు ఇచ్చినట్లు అనుమానం" అని ఒక పత్రికలో చదివాను. గుర్రాల ట్రైనరును శిక్షకుడు అనడం సాధువేనా? పరుగు పెంచే మందు మత్తుమందు ఎట్లా అవుతుంది? 'పేరుమోసిన' అన్నది మెప్పా, నిందా?
— ఒక పాఠకుడు, కావలి

సమాధానం: మూడు ప్రశ్నలలో మొదటిదానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను. అది తేలితే తక్కిన రెండూ సులువుగా తేలుతాయి.

శిక్షకుడు అపశబ్దం కాదు. శక్ ధాతువు సన్నంతరూపం (చేయగోరడాన్ని తెలిపే రూపం) నుంచి పుట్టిన శిక్షకు సంస్కృతంలో నేర్వడం, నేర్పడం అనేవే ముఖ్యార్థాలు. ఆరు వేదాంగాలలో శిక్ష ఒకటి. దండన అనే అర్థం తెలుగు వాడుకలో బలపడి మొదటి అర్థాన్ని వెనక్కు నెట్టింది. నా అభ్యంతరం దానికి కాదు. శిక్షకుడన్న మాట నేర్పేవాణ్ణి మాత్రమే చెబుతుంది. పందెపుగుర్రాల ట్రైనరు పని నేర్పడంతో తీరదు. దాణా, నీళ్ళు, లాడాలు, పుండుకు రాసే లేపనం, గుర్రపుసాలలోకి వచ్చేపోయే మనుషులు, అన్నిటికీ ఆయనే పూచీ. గుర్రం నుంచి తీసిన మూత్రం, నెత్తురు నమూనాలను రెండు భాగాలు చేసి ముద్ర వేస్తారు. మొదటి భాగంలో నిషిద్ధపదార్థం కనబడితే రెండవదానిని కూడా పరీక్షించమని కోరవచ్చు. అందులోనూ కనబడితే, మందు ఎవరి చేతి మీదుగా పడిందో తేలకపోయినా, ముందుగా జవాబు చెప్పుకోవలసినవాడు ట్రైనరే. ఇంత బరువు మోసే మనిషికి బడిపంతులుకూ వ్యాయామం మాస్టరుకూ చెల్లే పేరు చాలదు.

అటువంటివాడికి మన పూర్వులు పెట్టిన పేరు సాహిణి. సాధనమంటే పనిముట్టనే ఇప్పుడు అనుకొంటున్నాము గాని, పూర్వం దానికి సేన, యుద్ధసామగ్రి అనే అర్థం కూడా ఉండేది. సాధనాన్ని చూసుకొనేవాడు సాధనికుడు. ప్రాకృతంలో రెండచ్చుల నడుమ ధకారం హకారం కావడం తెలిసినదే: వధువు వహువైంది, మధువు మహువైంది. ఆ దారినే సాధనికుడు సాహణి, సాహిణి అయినాడు. సేనలో ప్రాణం గుర్రపుదండే కనుక మాట క్రమంగా గుర్రాల మీద నిలిచిపోయింది. కన్నడంలోనూ సాహణి ఉన్నాడు. మన బజారులోని షావుకారు కూడా సాధుకారుడు సాహుకారై వచ్చినవాడే; సాధువుకూ సాధనానికీ ధాతువు ఒకటే గనుక సాహిణికీ షావుకారుకూ దూరపు చుట్టరికం ఉంది.

ఆ పేరుకు ఉండిన గౌరవం చూడండి. కాకతి గణపతిదేవుని కొలువులో బాహత్తర నియోగాధిపతి, అంటే డెబ్బైరెండు రాజోద్యోగ శాఖల పెద్ద, గంగయసాహిణి. 1290లో త్రిపురాంతకంలో గొప్ప శాసనం వేయించిన అంబదేవుడు ఆయన వంశంవాడే. భాస్కర రామాయణాన్ని అంకితం పుచ్చుకొన్నవాడు సాహిణి మారన. గుర్రాలను తీర్చిన నేర్పు బిరుదై మనిషి పేరుతో కలిసిపోయిందన్నమాట. మన నెల్లూరి వర్తకుడు అవచి తిప్పయశెట్టి 'హురుముంజి బలుతేజి హరుల', అంటే హోర్ముజు రేవు నుంచి మేలుజాతి గుర్రాలను, తెప్పించాడని శ్రీనాథుడు చెప్పాడు. సముద్రం దాటి వచ్చిన అటువంటి జాతిగుర్రాలను ఇక్కడి ఎండకూ మేతకూ అలవాటు చేసి నిలబెట్టడం సామాన్యమైన విద్య కాదు. అయినా సామెత మాత్రం 'రౌతు కొద్దీ గుర్రం' అని ఖ్యాతి అంతా రౌతుకే కట్టబెట్టింది, సాహిణిని తలచలేదు. నాకు అది ఎప్పుడూ అన్యాయంగానే తోస్తుంది.

నెల్లూరివాళ్ళం గనుక తిక్కనగారిని తలచుకోక తప్పదు. విరాటపర్వంలో నకులుడు దామగ్రంథి అనే పేరుతో విరాటుని గుర్రపుసాలలో చేరుతాడు. వ్యాసుని మూలంలో అతడు రాజుతో తనకు గుర్రాల ప్రకృతి, వాటి వినయం, దుష్టాశ్వాలను దారికి తెచ్చే ఉపాయం, సమస్తమైన చికిత్స తెలుసునని చెప్పుకొంటాడు. వినయమంటే అక్కడ అణకువ కాదు, మప్పడం. మన రైతు కోడెను కాడికి మప్పినట్లు. నేర్పేవాడూ మందు ఇచ్చేవాడూ ఒక్కడేనన్న సంగతి గమనించండి. మందు చేయి ఆయనది గనుకనే మందు మీది అనుమానం కూడా ఆయన మీదికే పోతుంది.

ఇక మత్తుమందు. మదించినది మత్తం. గుర్రం ఓడిపోవాలని దాన్ని మందగింపజేసే మందు పెట్టడం కూడా పందేలలో పాత మోసమే. అక్కడ మత్తుమందు అన్నది సరిపోతుంది. తక్కినచోట్ల సరిపోదు. 2021లో అమెరికాలో కెంటకీ డెర్బీ పందెం గెలిచిన మెడీనా స్పిరిట్ అనే గుర్రం నెత్తురులో కనబడిన బీటామెథసోన్ వాపు తగ్గించే మందు. చర్మవ్యాధికి రాసిన లేపనం నుంచి వచ్చిందని ట్రైనరు బాబ్ బాఫర్ట్ పక్షం వాదించినా 2022 ఫిబ్రవరిలో ఆ గెలుపును రద్దు చేశారు. 2013లో ఇంగ్లండులో మహమూద్ అల్ జరూనీ అనే ట్రైనరు మీద ఎనిమిదేళ్ళ నిషేధం పడింది కండ పెంచే స్టెరాయిడ్ల వల్ల. దానికి మరుసటి ఏడు ఎలిజబెత్ రాణిగారి గుర్రం ఎస్టిమేట్‌లో దొరికిన మార్ఫిన్ మాత్రం నిజమైన మత్తుపదార్థం. అయితే అది కలుషితమైన దాణాతో వచ్చిందని తేలి, గుర్రం రెండవ స్థానం పోయినా ట్రైనరుకు దండన లేకపోయింది. ఇన్ని రకాలనూ మత్తుమందనే ఒక్క సంచిలో వేయడం పత్రికలవారి తొందరపాటు. ఉత్ప్రేరకం అనడమూ తగదు, అది రసాయనశాస్త్రం వాడుకొంటున్న మాట. నిషిద్ధ ఔషధం అంటే అన్నీ ఇముడుతాయి. డచ్చివాళ్ళ చిక్కటి పులుసు పేరు నుంచి వచ్చిన డోప్, డోపింగ్ జనం నోట పడ్డవి గనుక వాటిని వెళ్ళగొట్టమనను. 'డోపీ' అన్న ముద్రను మాత్రం సహించలేను. మొదటి నమూనా ఫలితం రాగానే శీర్షికలో ఆ మాట వేస్తే విచారణ జరగకముందే తీర్పు చెప్పినట్లవుతుంది. దాణా కల్తీ వల్ల చిక్కుకొన్నవాడి పేరు మళ్ళీ ఏ దిద్దుబాటుతోనూ తేటపడదు.

పేరుమోసిన అన్నది స్వతహాగా నింద కాదు. పేరుమోసిన వైద్యుడు అని పెద్దలు మెప్పుగానే అనేవారు. నేరవార్తలలో రౌడీల పక్కన, దొంగల పక్కన చేరి చేరి ఆ మాటకు మరక అంటింది. పక్కనే అనుమానం, మత్తుమందు ఉన్న వాక్యంలో అది నిందవైపే మొగ్గుతుంది గనుక మీరు చదివిన చోట 'పేరున్న' అని ఉంటే బాగుండేది. శిక్షకుడి స్థానంలో రేపటి నుంచే సాహిణి అని రాయమని పత్రికలను నేను శాసించలేను. పాఠకుడికి తెలియని మాటను వార్తలో దించడం మంచిది కాకపోవచ్చు. ట్రైనరు అనే రాసినా నాకు సమ్మతమే. మొదట రెండుమూడు మార్లు 'ట్రైనరు, అంటే సాహిణి' అని కలిపి రాసి చూడవచ్చునేమో.