విమాన ప్రయాణానికి ముందు పిల్లికి మత్తుమందు ఇవ్వవచ్చా?

పెట్టెలో పెట్టగానే మీ పిల్లి అరుస్తోందని, విమానం ఎక్కించే ముందు మత్తుమందు ఇవ్వవచ్చా అని అడిగారు. మీ అంతట మీరు దయచేసి ఇవ్వకండి. మత్తుమందు రక్తపోటును తగ్గించి, శరీర ఉష్ణోగ్రతను అదుపు చేసుకునే శక్తిని దెబ్బతీయగలదు కాబట్టి, గమనించే మనిషి లేని సరుకుల అరలో అది ప్రాణాపాయం కావచ్చు. పర్షియన్ వంటి చప్పిడి ముక్కు జాతులకు ముప్పు మరింత ఎక్కువ. దానికి బదులు, కొన్ని వారాల ముందే పెట్టెను తలుపు తీసి ఇంట్లో ఉంచి, లోపల దాని పాత దుప్పటి పరిచి, తిండి అక్కడే పెట్టండి. తనంతట తాను వెళ్లి నిద్రపోవడం మొదలుపెట్టాకే, మొదట కొద్ది నిమిషాల పాటు, తలుపు మూయండి. పెట్టెలో అది నిలబడి, చుట్టూ తిరిగి, హాయిగా పడుకోగలగాలి. భయం అప్పటికీ తగ్గకపోతే పశువైద్యులను సంప్రదించండి. వారు ఆందోళన తగ్గించే మందు సూచిస్తే, దాని ప్రభావాన్ని ప్రయాణానికి చాలా ముందే ఇంట్లో ఒకసారి పరీక్షించి చూడాలి.