చిల్లర్ కొనేముందు గోడ మీద చెయ్యి పెట్టి చూడండి

సిరొంచ నుంచి ఒకరు అడిగారు: నూట యాభై లీటర్ల ఉప్పునీటి చేపల ట్యాంకు, రెండు క్లౌన్‌ఫిష్‌లు, కొద్దిగా పగడాలు. మధ్యాహ్నం నీరు 32 డిగ్రీలు, తెల్లవారేసరికి 27. ట్యాంకు నీటిని చల్లబరిచే యంత్రం, అదే చిల్లర్, కొనక తప్పదా అని.

నేను బల్లార్‌పూర్‌లో ఏడేళ్లుగా ఇలాంటి ట్యాంకే చూసుకుంటున్నాను. 32 ఎక్కువే. దానికంటే, రోజూ ఐదు డిగ్రీలు పైకీ కిందికీ ఊగడం చూసి నాకు భయం వేసింది. నీటిని 25కు దించాలని ఆరాటపడకండి. 28 దగ్గర కదలకుండా నిలబెట్టినా చేపలూ పగడాలూ తట్టుకుంటాయి.

ముందు వేడి ఎటునుంచి వస్తోందో చూడండి. నా ట్యాంకు మొదట్లో పడమటి గోడకు ఆనుకుని ఉండేది. ఓ మే నెల రాత్రి పదింటికి గోడకు అరచెయ్యి ఆనిస్తే, అప్పుడే వంట ముగిసిన పొయ్యిగట్టులా వెచ్చగా ఉంది. ఇంక నీళ్లు ఎలా చల్లారతాయి? మర్నాడే నీళ్లు డ్రమ్ముల్లోకి తోడి, ట్యాంకును లోపలి గోడ వైపు మార్చి, వెనకా పక్కలా థర్మాకోల్ కట్టాను. పైసా ఖర్చు లేకుండా డిగ్రీన్నర తగ్గింది.

తర్వాత ఫ్యాన్. కంప్యూటర్‌లో ఉండే చిన్న ఫ్యాన్లు రెండు చాలు. మూత తీసేసి, గాలి నీటి మీదుగా పోయేలా బిగించండి. ఒక లీటరు నీరు ఆవిరైతే, వంద లీటర్లను ఐదారు డిగ్రీలు చల్లార్చేంత వేడిని పట్టుకుపోతుంది. మన చంద్రపూర్, గడ్చిరోలి వైపు ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. బరంపురంలో మా చిన్నాన్న కొడుకు అవే ఫ్యాన్లు పెడితే పెద్దగా ఫలితం లేదు, అక్కడ సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. అందుకే గదిలో కూలర్ వేస్తే కిటికీ తప్పకుండా తెరవండి. తలుపులు బిగించుకుంటే తేమ గదిలోనే ఉండిపోయి, ఫ్యాన్ తిరిగినా నీరు చల్లబడదు.

ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. తగ్గిన మేరకు ఆర్వో నీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు పోస్తే ఉప్పదనం పెరిగిపోతుంది. గాజు మీద మార్కర్‌తో గీత గీసుకుని పొద్దునా సాయంత్రం ఆ గీతకు నింపండి.

లైట్లు మధ్యాహ్నం వేస్తున్నారా? సాయంత్రం ఆరు నుంచి అర్ధరాత్రి దాకా మార్చండి. లైట్ల వేడి రాత్రి చల్లదనంలో కలిసిపోయి తేడా తగ్గుతుంది. పగడాలకు కావలసింది రోజూ ఒకే వేళకు వెలుగు, అది ఏ వేళైనా పర్లేదు.

ఐసు సీసాల గురించి కూడా అడిగారు. మీ ట్యాంకులో లీటరు ఐసు సీసా వేస్తే ముప్పావు డిగ్రీ లోపే తగ్గుతుంది, కరిగాక మళ్లీ మొదటికే. కరెంటు పోయినప్పుడు వాడండి, అంతే. అప్పుడు ఐసు కన్నా ముందు బ్యాటరీ ఎయిర్ పంపు ఆన్ చేయండి. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువగా నిలుస్తుంది, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి.

చలికాలం కూడా మర్చిపోవద్దు. ఒక డిసెంబరు రాత్రి నా హీటర్ థర్మోస్టాట్ ఆఫ్ కాకుండా ఇరుక్కుపోయింది. తెల్లవారి చూస్తే నీరు 35. నాలుగేళ్లు పెంచిన క్లౌన్‌ఫిష్ పోయింది. ఆ బాధ ఇంకా ఉంది. అప్పటినుంచి ఒక పెద్ద హీటర్ బదులు రెండు చిన్నవి, వాటి మీద విడిగా, వేడి మితిమీరితే కరెంటు ఆపేసే ఒక కంట్రోలర్ వాడుతున్నాను. ఒకటి ఇరుక్కున్నా ఒక్కరాత్రిలో ట్యాంకును ఉడికించలేదు.

ఇవన్నీ చేశాక, రోహిణి కార్తెలో కూడా నీరు 29 దాటుతుంటే చిల్లర్ కొనండి. నీటిలోంచి తీసిన వేడిని అది గదిలోకే వదులుతుంది, కాబట్టి మూసిన గదిలో పెట్టకండి. కిటికీ పక్కన, వేడిగాలి బయటికి పోయేలా పెట్టండి.