ఒకే సర్వర్‌లో రెండు డొమైన్లు: మెయిల్స్ ఎందుకు కలిసిపోతున్నాయి?

ప్రశ్న: మా సర్వర్‌లో మెయిల్స్ పంపి, అందుకునే పోస్ట్‌ఫిక్స్, ఇన్‌బాక్స్‌లోని మెయిల్స్ యూజర్లకు చూపించే డవ్‌కాట్ నడుస్తున్నాయి. ఈమధ్య రెండో డొమైన్ చేర్చాం. అప్పటి నుంచి రెండు డొమైన్ల ‘ఇన్ఫో’ అడ్రస్‌లకు వచ్చే మెయిల్స్ ఒకే ఇన్‌బాక్స్‌లో పడుతున్నాయి. రెండో డొమైన్ నుంచి పంపేవి స్పామ్‌లోకి పోతున్నాయి. ఇంకో ఐపీ అడ్రస్ తీసుకోవాలా?

జవాబు: అక్కర్లేదు. ఒక్క ఐపీతోనే చాలా డొమైన్లు నడపొచ్చు. మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే, కొత్త డొమైన్‌ను పోస్ట్‌ఫిక్స్ సెట్టింగ్స్‌లోని ‘మైడెస్టినేషన్’ వరుసలో చేర్చినట్టున్నారు. ఆ వరుసలోని డొమైన్లకు పోస్ట్‌ఫిక్స్ తేడా చూడదు. @ గుర్తుకు ముందున్న పేరు తీసుకుని, ఆ పేరుగల లినక్స్ యూజర్‌కు మెయిల్ ఇచ్చేస్తుంది. ఇద్దరు ‘ఇన్ఫో’లు ఒక్కరైపోవడం అందుకే.

ముందు బ్యాకప్ తీసుకోండి. రెండు డొమైన్లనూ అక్కడి నుంచి తీసేసి ‘వర్చువల్ మెయిల్‌బాక్స్ డొమైన్స్’ (లినక్స్ యూజర్లతో పనిలేని డొమైన్ల వరుస)లో పెట్టండి. సర్వర్ సొంత హోస్ట్‌నేమ్, లోకల్‌హోస్ట్ మాత్రం పాతచోటే ఉండాలి. ఒకే డొమైన్ రెండు చోట్లా ఉండకూడదు, ఇది మరిచిపోవద్దు. తర్వాత ‘వర్చువల్ మెయిల్‌బాక్స్ మ్యాప్స్’ ఫైల్‌లో ప్రతి అడ్రస్‌నూ పూర్తిగా, డొమైన్‌తో సహా రాయండి. ఆ ఫైల్‌ను సెట్టింగ్స్‌లో హ్యాష్ రకంగా (పోస్ట్‌ఫిక్స్ త్వరగా వెతికే డేటాబేస్‌గా) ఇచ్చి ఉంటే, మార్చిన ప్రతిసారీ ‘పోస్ట్‌మ్యాప్’ కమాండ్ నడపాలి. డవ్‌కాట్‌లోనూ యూజర్‌నేమ్ పూర్తి అడ్రస్సే కావాలి. లేదంటే ఇక్కడ విడదీసినవి అక్కడ మళ్లీ కలిసిపోతాయి. పాత ఇన్‌బాక్స్‌లోని మెయిల్స్ వాటంతట అవి కొత్తచోటికి రావు, మీరే మార్చుకోవాలి. అడ్రస్ ఏదైనా సరే తీసుకునే క్యాచ్-ఆల్ మాత్రం పెట్టొద్దు, స్పామ్ వెల్లువెత్తుతుంది.

ఇక స్పామ్ సంగతి. రెండో డొమైన్ డీఎన్ఎస్‌లో దాని సొంత ఎస్పీఎఫ్ (ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పేది), డీకిమ్ (మెయిల్‌పై వేసే డిజిటల్ సంతకాన్ని సరిచూసేందుకు), డీమార్క్ (ఆ రెండూ ‘ఫ్రమ్’లోని డొమైన్‌తో సరిపోలకపోతే ఏం చేయాలో చెప్పేది) రికార్డులు ఉన్నాయా చూడండి. సాధారణంగా తప్పేది డీకిమ్ దగ్గరే. సంతకం మొదటి డొమైన్ పేరుతో వెళ్తుంటే, ‘ఫ్రమ్’లోని డొమైన్‌తో అది సరిపోలదు కాబట్టి డీమార్క్ లెక్కలోకి రాదు. డీకిమ్ సంతకం వేసే ఓపెన్‌డీకిమ్ ప్రోగ్రామ్ వాడుతుంటే సైనింగ్ టేబుల్, కీ టేబుల్ రెండింట్లోనూ కొత్త డొమైన్‌కు విడిగా వరుస చేర్చండి.

రివర్స్ డీఎన్ఎస్‌ను (ఐపీ నుంచి పేరు చెప్పే రికార్డును) ముట్టుకోవద్దు. అది సర్వర్ హోస్ట్‌నేమ్‌తో సరిపోలితే చాలు. రెండో డొమైన్ ఎంఎక్స్ రికార్డు (ఆ డొమైన్ మెయిల్స్ ఏ సర్వర్‌కు రావాలో చెప్పేది) కూడా అదే హోస్ట్‌నేమ్‌ను చూపిస్తే, మెయిల్ రాకపోకలను ఎన్‌క్రిప్ట్ చేసే టీఎల్ఎస్ సర్టిఫికెట్ ఒక్కటే సరిపోతుంది.

అన్నీ అయ్యాక రెండో డొమైన్ నుంచి ఒక జీమెయిల్ ఖాతాకు మెయిల్ పంపి, అక్కడ ‘షో ఒరిజినల్’ తెరవండి. ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడింటికీ ‘పాస్’ అని కనిపించాలి.