పాత రేసింగ్ సైకిల్‌కి తుప్పు పట్టింది, ఏం చేయాలి?

ప్రశ్న: మా పెదనాన్నగారు కుర్రతనంలో తొక్కిన రేసింగ్ సైకిల్ ఒకటి నా చేతికొచ్చింది. ఎత్తి చూస్తే తేలిగ్గానే ఉంది కానీ ఒళ్లంతా తుప్పు. సీటు కింద స్టిక్కర్ సగం చెరిగిపోయి ‘531’ అన్న అంకె మాత్రం కనిపిస్తోంది. రంగు మొత్తం గీకించేసి కొత్తగా కొట్టిద్దామనుకుంటున్నాను. మంచిదేనా?

జవాబు: ఆ గీకించే ఆలోచన ముందు పక్కన పెట్టండి. 531 అంటే రెనాల్డ్స్ అనే బ్రిటిష్ కంపెనీ వాళ్ల ఫ్రేము గొట్టాలు. 1935లో వచ్చిన మాంగనీస్-మాలిబ్డినం ఉక్కు అది, ఆ తర్వాత దశాబ్దాల పాటు పేరున్న రేసింగ్ ఫ్రేములు బోలెడన్ని దానితోనే కట్టారు. అతుకు పడే చివర్లలో గొట్టాన్ని మందంగా ఉంచి, మధ్యలో పలచన చేయడం అంతకు ముందు నుంచే, అంటే 1897లో పేటెంట్ తీసుకున్నప్పటి నుంచే, వాళ్ల విద్య. మధ్యభాగంలో లోహం మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు, కొన్నిట్లో అర మిల్లీమీటరు దగ్గరే. బండి తేలిగ్గా ఉందంటే అందుకే, జాగ్రత్తగా ఉండమనేదీ అందుకే. మామూలు బరువు సైకిల్ మీద గ్రైండర్ పెట్టి రుద్దినా పెద్దగా నష్టం లేదు కానీ ఇక్కడ తుప్పు తిన్నది పోగా మిగిలిందే కాస్త, దాన్ని మీరు కూడా తినేస్తే ఎలా?

స్టిక్కర్‌ని మాత్రం గుడ్డిగా నమ్మకండి, ఎవరైనా అంటించొచ్చు. సీటు రాడ్డు బయటికి తీస్తే దాని మీద వ్యాసం గుద్ది ఉంటుంది. 27.2 మి.మీ. అని ఉంటే అది పలచని గొట్టాల ఫ్రేమే అనడానికి గట్టి ఆనవాలు, ఇంకా తక్కువ ఉంటే గొట్టం గోడ మందమైనదని అనుకోవచ్చు. వెనక చక్రం ఇరుసు కూర్చునే ముక్కలు కూడా చూడండి, రేకు కోసి వంచినట్టు ఉన్నాయా, కాల్చి సుత్తి దెబ్బలతో మలిచినట్టు దళసరిగా ఉన్నాయా అని. రెండోదైతే సంతోషించండి.

తర్వాత అసలు పరీక్ష. హ్యాండిల్ దగ్గర, ముందు గొట్టానికి ఆనుకున్న రెండు గొట్టాల అడుగు భాగాన్ని వేలితో నెమ్మదిగా తడమండి. అతుకు దాటిన రెండు మూడు అంగుళాల్లో చిన్న ఉబ్బు గానీ ముడత గానీ తగిలిందంటే ఆ బండి ఎప్పుడో దేన్నో ముందు నుంచి గట్టిగా గుద్దింది. రంగులో సన్నటి వెంట్రుక లాంటి గీత కనబడినా అనుమానించాల్సిందే. పెడల్ ఇరుసు కూర్చునే గొట్టం లోపల నీరు నిలిచి తుప్పు ముదురుతుంది, పైనుంచి ఎంత శుభ్రంగా ఉన్నా సరే. కాబట్టి ఇరుసు విప్పి, లోపల పాత స్క్రూ డ్రైవర్ మొనతో గుచ్చి చూడండి. పెచ్చులు రాలితే ఫర్వాలేదు, మొన దిగబడితే మాత్రం ఫ్రేము కట్టేవాళ్లకు చూపించకుండా ఎక్కకండి. ఇవన్నీ తేలాక అప్పుడు రంగు గురించి ఆలోచిద్దురు గాని.

ప్రశ్న: ఉన్న రంగు, గీతలు, పేర్లు పోకుండా తుప్పు మాత్రమే వదలాలంటే దారి ఉందా?

జవాబు: ఉంది. ఆక్సాలిక్ యాసిడ్. పొడిగా దొరుకుతుంది. లీటరు నీళ్లకు 20 నుంచి 30 గ్రాములు కలిపితే చాలు. ఫ్రేము పట్టేంత తొట్టి ఉంటే ముంచొచ్చు, లేదంటే గుడ్డ పేలికలు తడిపి తుప్పున్న చోట చుట్టి, ఆరిపోకుండా పైన ప్లాస్టిక్ కవర్ కప్పండి. కొన్ని గంటల్లోనే తుప్పు కరగడం మొదలై నీళ్లు పసుపు పచ్చగా తిరుగుతాయి. మధ్యమధ్యలో తీసి పాత టూత్ బ్రష్‌తో రుద్దుతూ ఉండండి. పని అయిందనిపించగానే తీసేయండి. అలా వదిలేస్తే లోహం మీద పసుపు పొర గడ్డకట్టుకుపోయి, అది వదిలించడం ఇంకో తలనొప్పి. తీశాక వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, మంచినీళ్లతో మళ్లీ కడిగి, వెంటనే ఆరబెట్టాలి. వెంటనే అంటే వెంటనే, తడి ఉక్కు మళ్లీ ఎర్రబడటానికి ఎక్కువసేపు పట్టదు.

అది విషం అన్న సంగతి మర్చిపోకండి. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు, గాలి ఆడే చోటు, పిల్లలు, కుక్కపిల్లలు దూరం. పొడి పీల్చకండి. అల్యూమినియం విడిభాగాలు, జింక్ పూత ఉన్నవి అందులో వేయకండి. కింది మెరుపు కనబడేలా వేసిన పారదర్శకమైన రంగులుంటాయి చూడండి, వాటి మీదైతే ముందు కనబడని మూల ఒక చుక్క వేసి చూసుకోవాలి. టాయిలెట్ కడిగే ఘాటు యాసిడ్ త్వరగా పని చేస్తుందని ఎవరో ఒకరు చెబుతారు. రంగూ పోతుంది, ఉక్కూ పోతుంది, ఆ సలహా వినకండి.

క్రోమ్ భాగాలకు ఇంత హడావిడి అక్కర్లేదు. అల్యూమినియం ఫాయిల్ ఉండలా నలిపి, నీళ్లలో తడిపి రుద్దితే చాలు, నల్లటి మడ్డి దిగి కింద మెరుపు వస్తుంది. ఫాయిల్ క్రోమ్ కంటే మెత్తన కాబట్టి గీతలు పడవు. క్రోమ్ పొరే లేచిపోయిన చోట మాత్రం ఏం రుద్దినా తిరిగి రాదు, ఒప్పేసుకుని మైనం పూసి ఊరుకోవడమే.

చివరగా గొట్టాల లోపల ఉడికించిన అవిసె నూనె పోసి, ఫ్రేమును అటూ ఇటూ తిప్పి, మిగిలింది ఒంచేయండి. ఆరి లోపల పొరలా పట్టుకుంటుంది. ఆ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేశారో, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. తమాషాకి చెప్పడం లేదు. విప్పి పరిచి ఆరేయండి, లేదా నీళ్లలో ముంచేయండి.

ప్రశ్న: సీటు రాడ్డు అల్యూమినియందే, కానీ ఫ్రేములో ఇరుక్కుపోయింది. ఎంత లాగినా రావడం లేదు. ఫ్రేమును వేడి చేయమంటున్నారు, చేయనా?

జవాబు: వద్దు. ఉక్కు రాడ్డు అయ్యుంటే ఆ సలహాలో కొంత అర్థముంది. అల్యూమినియం వేడికి ఉక్కు కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది, అంటే మీరు ఎంత కాలిస్తే అది అంత బిగుస్తుంది, పైగా రంగు బుడగలు లేస్తుంది. మీకు కావలసింది చల్లదనం. కానీ అంతకు ముందు నూనెతో చేయాల్సిన పనుంది.

రెండు వేర్వేరు లోహాల మధ్య తేమ, చెమట చేరితే అల్యూమినియం తెల్లటి పిండిలా మారుతుంది, ఆ పిండి అసలు లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అదే ఇప్పుడు మీ రాడ్డుకు మేకులా పడింది. పైనుంచి ఎంత నూనె పోసినా లోపలికి దిగేది కొంచెమే. బిగింపు బోల్టు పూర్తిగా తీసేసి, ఫ్రేమును తలకిందులు చేసి, పెడల్ ఇరుసు గొట్టం వైపు నుంచి తుప్పు వదిలించే నూనె పోయండి, అప్పుడు అది రాడ్డు అడుగు కొస దగ్గర చేరి నెమ్మదిగా సందులోకి దిగుతుంది. కొన్ని రోజులు అలాగే వదిలేయండి. ఆ తర్వాత కూడా లాగొద్దు, తిప్పండి. రాడ్డు తలను గట్టి బెంచి వైస్‌లో బిగించి, ఫ్రేము మొత్తాన్నే పొడవాటి మీటలా వాడుకుని, కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పాలి. ఎక్కడో టక్‌మని ఒక చప్పుడు వస్తుంది, అప్పటికి సగం గెలిచినట్టే. ఎంతకీ కదలకపోతే రాడ్డు లోపల ఐసు ముక్కలు దట్టించి మళ్లీ ప్రయత్నించండి. ఆఖరి మార్గం రాడ్డును పైన కోసేసి, లోపలి నుంచి హాక్సా బ్లేడుతో నిలువునా చీల్చడం. ఓపికతో కూడిన పని, కాస్త అటైనా ఫ్రేము గొట్టానికే గాటు పడుతుంది. కాస్టిక్ సోడా పోసి కరిగించేవాళ్లూ ఉన్నారు. ఒళ్లు కాలుతుంది, మండే వాయువు వస్తుంది. ఇంట్లో చేయమని మాత్రం నేను చెప్పను.

ప్రశ్న: క్రాంకును (పెడల్ ఉండే చేతిని) ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను తీద్దామని సుత్తితో కొట్టాను, మర వంగిపోయింది గానీ పిన్ను కదల్లేదు.

జవాబు: అలాగే అవుతుంది. క్రాంక్ కింద ఆధారం లేకుండా కొడితే దెబ్బంతా బేరింగులకే పోతుంది. ఇనుప గొట్టం ముక్క ఒకటి నేల మీద నిలబెట్టి, క్రాంక్ దాని మీద ఆనేలా, పిన్ను తల గొట్టం బోలులోకి దిగేలా సర్దుకుని, ఒకే ఒక్క గట్టి దెబ్బ వేయండి. చిన్న దెబ్బలు పది వేస్తే పిన్ను కొస పుట్టగొడుగులా విచ్చుకుంటుంది అంతే. పిన్నును నొక్కి బయటికి తోసే కాటర్ ప్రెస్ అద్దెకో అరువుకో దొరికితే ఇంకా మేలు. వచ్చిన పిన్నులు పారేసి కొత్తవి వేయండి, రెండు పక్కలా ఎదురెదురు దిశల్లో. కాసేపు తొక్కాక నట్లు మళ్లీ బిగించండి.

పెడల్ ఇరుసు విప్పేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. బ్రిటిష్ బండ్లలో చైన్ వైపు కప్పు (బేరింగు బాల్స్ కూర్చునే గిన్నె) మర ఎదురు తిరుగుతుంది. ఇటాలియన్ వాటిలో రెండూ మామూలు మరలే. ర్యాలీ (Raleigh) కంపెనీ బండ్లలో చాలావాటికి అంగుళానికి 26 మరలు, మిగతావాళ్లవి 24, కాబట్టి కొత్త కప్పు కొనే ముందు పాతది చేత్తో పట్టుకెళ్లండి. చైన్ వైపు కప్పు లోపల నున్నగా ఉంటే దాన్ని కదపకుండా తుడిచి వదిలేయడమే తెలివి. బాల్స్ మాత్రం పాతవి వాడొద్దు, పక్కకి పదకొండు, పావు అంగుళానివి.

ప్రశ్న: టైరు 26 అంగుళాలని తెచ్చాను, రిమ్ముకి ఎక్కడం లేదు.

జవాబు: 26 అన్న అంకెతో పని జరగదు. 26 × 1⅜ టైరు 590 మి.మీ. రిమ్ముది, పాత రేసింగ్ బండ్లకుండే 26 × 1¼ అయితే 597. ఏడు మిల్లీమీటర్ల తేడా, బలవంతంగా ఎక్కించాలని చూస్తే ట్యూబే చిరుగుతుంది. టైరు పక్కన ఈ మూడంకెల సంఖ్య ఉంటుంది, అది చూసి అడగండి.