ఐ5 తీసి ఐ7 వేస్తే గేమ్స్ స్మూత్‌గా నడుస్తాయా?

బ్రదర్, మీ ఐ5-9300హెచ్ ప్రాసెసర్, జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు, 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఐ7-9750హెచ్ ప్రాసెసర్ వేయిస్తే జీటీఏ 5 గేమ్ ఆగి ఆగి నడవడం తగ్గుతుందా అన్నారు. మీ ఐ5 చిప్ మదర్‌బోర్డుకే సోల్డర్ చేసి (టంకంతో అతికించి) ఉంటుంది. మార్చడం మామూలు షాపులో అయ్యే పని కాదు, ఆ ఆలోచన వదిలేయండి.

గేమ్ నడుస్తుండగా టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ ట్యాబ్ చూడండి. జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) వాడకం 95 శాతం పైనే ఉంటే బరువంతా గ్రాఫిక్స్ కార్డు మీదే. ఐ7 ఉన్నా ఎఫ్‌పీఎస్ (సెకనుకు కనిపించే ఫ్రేములు) పెద్దగా పెరగదు, గేమ్‌లో గ్రాఫిక్స్ సెట్టింగ్స్ తగ్గించుకోవాల్సిందే. జీపీయూ 60 శాతం దగ్గరే ఊగిసలాడుతూ ర్యామ్ నిండిపోతుంటే మాత్రం, ఖాళీ స్లాట్‌ ఉంటే అందులో ఇంకో 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ స్టిక్ వేయండి. రెండు స్టిక్‌లూ కలిసి పనిచేసే డ్యూయల్ ఛానల్ కూడా కలిసొస్తుంది. అన్నట్టు, ఛార్జర్ పెట్టే ఆడుతున్నారు కదా? బ్యాటరీ మీద ఇలాంటి ల్యాప్‌టాప్‌లు సాధారణంగా నీరసపడతాయి.