బాస్ఫరస్‌లో యుద్ధనౌకలను గుర్తించడం, ఫోటో తీయడం గురించి

వచ్చే నెల నాలుగు రోజుల పాటు ఇస్తాంబుల్‌లో ఉంటానని, బాస్ఫరస్ జలసంధి గుండా వెళ్ళే యుద్ధనౌకలను ఫోటో తీయాలని ఉందని రాశారు. అవి వస్తున్నట్టు ముందుగా ఎలా తెలుస్తుంది, ఎక్కడ నిలబడాలి, ఏ లెన్స్ తీసుకువెళ్ళాలి, పోలీసులతో ఇబ్బంది వస్తుందా అన్నవి మీ ప్రశ్నలు. ఉద్యోగరీత్యా నేను కొన్నేళ్ళు ఆ ఊళ్ళో, ఆసియా ఒడ్డున ఉన్నాను. సెలవు రోజుల్లో నాకున్న వ్యాపకం ఇదే కాబట్టి తెలిసినంతవరకు చెబుతాను.

ముందుగా ఒక విషయం చెప్పాలి. ఇంటర్నెట్‌లో మీరు చూసి ముచ్చటపడ్డ ఫోటోలలో ఎక్కువ భాగం 2022కు ముందువి. ఉక్రెయిన్ యుద్ధం మొదలైన కొద్ది రోజులకే, 2022 ఫిబ్రవరి చివరలో, తుర్కియే (టర్కీ) తన జలసంధుల్లో యుద్ధనౌకల రాకపోకలను నియంత్రించే మాంట్రో ఒప్పందంలోని 19వ అధికరణాన్ని అమలుచేసి యుద్ధంలో ఉన్న దేశాల నౌకలకు దారి మూసింది. మిగతా దేశాలను కూడా తమ యుద్ధనౌకలను పంపవద్దని కోరింది. నల్లసముద్రంలోని సొంత స్థావరానికి తిరిగి వెళ్ళే నౌకకు మాత్రమే ఆ అధికరణంలో మినహాయింపు ఉంది. ఈ పట్టు ఎంత గట్టిదంటే, బ్రిటన్ ఉక్రెయిన్‌కు ఇచ్చిన, సముద్రంలోని మైన్లను వెతికి తొలగించే మైన్ హంటర్ నౌకలను కూడా యుద్ధం ముగిసేదాకా రానివ్వబోమని 2024 జనవరిలో తుర్కియే ప్రకటించింది. అందువల్ల అమెరికన్ డిస్ట్రాయర్, సైన్యాన్ని, వాహనాలను ఒడ్డున దించే రష్యన్ ల్యాండింగ్ షిప్ ఒకే వారంలో కనబడే కాలం ప్రస్తుతానికి పోయింది. మీకు దొరికే అవకాశం ఎక్కువగా ఉన్నవి తుర్కియే నౌకాదళపు నౌకలే. అవి తక్కువవేమీ కావు. అదా తరగతి కార్వెట్లు (చిన్న యుద్ధనౌకలు), గస్తీ నౌకలు, సహాయక నౌకలు జలసంధిలో తరచుగా తిరుగుతుంటాయి.

ఇక ముందుగా తెలుసుకోవడం గురించి. వాణిజ్య నౌకలకైతే ఏఐఎస్ సంకేతాలు, అంటే నౌక తన పేరు, స్థానం చెబుతూ ప్రసారం చేసే సంకేతాలు చూపే వెబ్‌సైట్లు చాలు. యుద్ధనౌకల విషయంలో వాటిని పూర్తిగా నమ్ముకోకూడదు. అంతర్జాతీయ నిబంధనలు ఏఐఎస్ వాడకం నుంచి యుద్ధనౌకలను మినహాయించాయి, కాబట్టి సంకేతం పంపాలా వద్దా అన్నది ఆ నౌక ఇష్టం. రద్దీగా ఉన్న జలసంధిలో ఢీకొనే ప్రమాదం ఉంటుంది గనుక కొన్ని నౌకలు అక్కడ మాత్రం సంకేతం వేస్తాయి. అప్పుడు కూడా పేరు బదులు ‘నాటో వార్‌షిప్’ అని మాత్రమే కనబడవచ్చు. నేను తెరమీద నౌక కోసం వెతకడం కన్నా నీటి మీద దాని చుట్టూ జరిగే హడావిడి కోసం చూసేవాణ్ణి. విదేశీ యుద్ధనౌక వస్తున్నప్పుడు తుర్కియే తీర రక్షక దళపు పడవ ఒకటి దాన్ని అంటిపెట్టుకుని రావడం మామూలు. తెల్లటి పడవ, దాని పక్కన ఏటవాలు ఎర్ర చార. ఆ పడవ పనిలేనట్టు ఒకేచోట తిరుగుతుంటే కెమెరా మూత తీసి సిద్ధంగా ఉండడం మంచిది.

దూరం నుంచే కబురు తెలిసే దారి ఇంకొకటి ఉంది. మధ్యధరా వైపు నుంచి వచ్చే ఏ నౌక అయినా ముందు చానక్కలే పట్టణం పక్కన డార్డనెల్స్ జలసంధి దాటాలి. అక్కడి ఔత్సాహికులు ఫోటో పెట్టారంటే, మర్మర సముద్రం దాటి ఆ నౌక ఇస్తాంబుల్ చేరడానికి సుమారుగా ఒక పూట పడుతుంది. 1936 నాటి మాంట్రో ఒప్పందం ప్రకారం యుద్ధనౌక తన ప్రయాణాన్ని పగటి వెలుగులో మొదలుపెట్టాలి. అయితే మొదలుపెట్టడం అంటే రెండు జలసంధులలో మొదటిదానిలో ప్రవేశించడం కాబట్టి, పగలు డార్డనెల్స్‌లోకి వచ్చిన నౌక ఇస్తాంబుల్‌కు చీకటి పడ్డాక చేరవచ్చు. ఈ లెక్క వేసుకోకుండా ఒడ్డున రోజంతా కాపు కాసేవాళ్ళను చూశాను. నల్లసముద్రం వైపు నుంచి వచ్చే నౌకకు ఇంత ముందస్తు సూచన ఉండదు. జలసంధి పొడవు సుమారు 31 కిలోమీటర్లు, వేగపరిమితి 10 నాట్లు, అంటే గంటకు పద్దెనిమిదిన్నర కిలోమీటర్లు. ఉత్తర ముఖద్వారంలో ఎవరో చూసి చెప్పిన నౌక మధ్యలో ఉన్న రుమేలీ హిసారీ కోట దగ్గరికి రావడానికి దాదాపు గంట పడుతుంది. ఊళ్ళో ట్రాఫిక్ సంగతి తెలిసినవారు ఆ గంటలో టాక్సీ ఎక్కరు. ఒడ్డు వెంట నడుస్తారు, లేదా ఫెర్రీ ఎక్కుతారు.

ఎక్కడ నిలబడాలన్నది వెలుగును బట్టి, నౌక వెళ్ళే దిశను బట్టి తేల్చుకోవాలి. జలసంధి ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది. పడమట యూరప్ ఒడ్డు, తూర్పున ఆసియా ఒడ్డు. ఉదయం సూర్యుడు ఆసియా వైపు ఉంటాడు కాబట్టి, ఆ ఒడ్డున నిలబడితే ఎండ మీ వీపు మీద, వెలుగు నౌక మీద పడుతుంది. మధ్యాహ్నం తర్వాత యూరప్ ఒడ్డుకు మారాలి. 1982 నుంచి ఇక్కడ నౌకలు తమ కుడి పక్కనే సాగాలన్న నియమం ఉంది. దక్షిణానికి వెళ్ళేవి యూరప్ ఒడ్డుకు, ఉత్తరానికి వెళ్ళేవి ఆసియా ఒడ్డుకు దగ్గరగా వస్తాయి. ఈ రెండూ కలిసివచ్చే వేళలు ఏవంటే, ఉత్తరానికి వెళ్ళే నౌకకు ఉదయం ఆసియా ఒడ్డు, దక్షిణానికి వెళ్ళే నౌకకు సాయంత్రం యూరప్ ఒడ్డు. రెండూ కలవనప్పుడు నేను దగ్గరితనాన్ని వదులుకుని వెలుగునే ఎంచుకుంటాను. ఎదురెండలో బూడిద రంగు నౌక నల్లటి దిమ్మలా తప్ప కనబడదు, ఎంత దగ్గరగా ఉన్నా దాని మీది అంకె చదవలేము.

జలసంధి అన్నిటికన్నా ఇరుకయ్యే చోటు యూరప్ ఒడ్డున రుమేలీ హిసారీ, ఆసియా ఒడ్డున కందిల్లి పరిసరాలలో ఉంది. అక్కడ వెడల్పు 700 మీటర్లు మాత్రమే. నౌక అక్కడ మలుపు తీసుకుంటుంది కాబట్టి ముందు ముక్కు భాగం, తర్వాత పూర్తి పక్క భాగం, చివరగా వెనుక భాగం, మూడూ ఒకే చోటి నుంచి దొరుకుతాయి. ఆసియా ఒడ్డున సాలాజాక్ వద్ద నిలబడితే మసీదుల గుమ్మటాలు, మీనార్లు వెనుక వచ్చే అందమైన ఫోటో దొరుకుతుందన్నది నిజమే గాని, అక్కడ నీరు వెడల్పు, ఫెర్రీల రాకపోకలు విపరీతం. మీకు కావలసిన క్షణంలో ఏదో ఒక ఫెర్రీ అడ్డం వచ్చి తీరుతుంది. యూరప్ వైపున్న అర్నవుత్‌కోయ్, బెబెక్ ఒడ్డున చేపల గాలాలతో నిలబడేవారు వరసగా ఉంటారు. వాళ్ళ వెనుక నిలబడేటప్పుడు గాలం వెనక్కి విసిరే చేతిని గమనించుకోవాలి.

లెన్స్ గురించి చిన్న లెక్క చెబుతాను. ఇరుకు చోట నౌక నడిమధ్యన వెళ్ళిందనుకుంటే మీకు 350 మీటర్ల దూరంలో ఉంటుంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరా మీద 100 మి.మీ. లెన్స్ ఆ దూరంలో సుమారు 126 మీటర్ల వెడల్పును పట్టుకుంటుంది. అదా తరగతి కార్వెట్ పొడవు 99 మీటర్లు కాబట్టి అది ఫ్రేమ్‌లో నిండుగా కూర్చుంటుంది. అంటే మొత్తం నౌకకు 70–200 మి.మీ. జూమ్ చాలు. డెక్కు మీద ఏముందో, వెనుక భాగాన రాసిన పేరేమిటో చదవడానికి 400 మి.మీ. అవసరం. రెండు లెన్సులు మోయలేనివారికి 100–400 ఒక్కటే సరిపోతుంది. నౌక కదిలేది సెకనుకు ఐదు మీటర్లే; ఒడ్డు మీదైతే సెకనులో 500వ వంతు షట్టర్ వేగం చాలు, ఫెర్రీ మీది నుంచైతే 1000వ వంతు ఉంచండి. నునుపైన బూడిద రంగు పక్క మీద ఆటోఫోకస్ తడబడుతుంది. అంకె అంచు మీదో, బ్రిడ్జి కిటికీల మీదో గురి పెట్టాలి. వేసవి మధ్యాహ్నం నీటి మీద గాలి ఆవిరిలా అల్లాడుతున్నప్పుడు ఎంత ఖరీదైన లెన్స్ అయినా పనిచేయదు. ఆ వేళకు ఫోటో మానుకుని బైనాక్యులర్లతో చూడడం మేలు.

ఈ పనిలో అసలు రుచి నౌకను చదవడంలో ఉందని నా అభిప్రాయం. నాటో దేశాలలో చాలావాటి నౌకల మీద అంకెకు ముందు ఒక అక్షరం ఉంటుంది: డిస్ట్రాయర్‌కు డి, ఫ్రిగేట్‌కు ఎఫ్, ల్యాండింగ్ నౌకలకు ఎల్, గస్తీ నౌకకు పి, మైన్ల పని చూసేవాటికి ఎం, సహాయక నౌకకు ఏ. అదా తరగతిలో మొదటిదైన హేబెలియాదా మీద ఎఫ్ 511 కనబడుతుంది. 2023లో నౌకాదళంలో చేరిన పెద్ద ల్యాండింగ్ నౌక అనాదొలు మీద ఎల్ 400. అమెరికన్ నౌకలు అక్షరం లేకుండా అంకె మాత్రమే రాసుకుంటాయి. రష్యన్ నౌకల మీద కూడా అంకె ఒక్కటే ఉంటుంది, అది కాలక్రమంలో మారే అవకాశం ఉంది. కనుక పాత పుస్తకంలో అంకె చూసి పేరు తేల్చకుండా, వెనుక భాగాన్ని కూడా తీసి పెట్టుకోవాలి.

అంకె కన్నా ఎక్కువ చెప్పేది నీటి గీత, అంటే నౌక పక్కన నీరు ఎంత ఎత్తు దాకా వచ్చిందన్నది. 2010ల మధ్యలో రష్యన్ ల్యాండింగ్ నౌకలు సిరియాలోని తార్తూస్‌కు సరుకు మోసేవి. ఈ రాకపోకలకు ‘సిరియా ఎక్స్‌ప్రెస్’ అని పేరు పడింది. దక్షిణానికి పోయేటప్పుడు వాటి పక్కన అడుగు రంగు (నీటి కింద ఉండే భాగానికి వేసే రంగు) దాదాపు మునిగి, నీరు బూడిద రంగు దాకా వచ్చేది. తిరుగు ప్రయాణంలో అదే నౌక ముక్కు కింద అడుగు రంగు పట్టీ వెడల్పుగా బయటపడి, తుప్పు చారలతో సహా కనబడేది. రెండు ఫోటోలు పక్కపక్కన పెడితే బరువు ఎక్కడ దించారో ఎవరూ చెప్పనక్కరలేదు. యోరుక్ ఇషిక్ వంటి ఇస్తాంబుల్ పరిశీలకుల ఫోటోలను అంతర్జాతీయ వార్తాసంస్థలు వాడుకున్నది ఇందుకే గాని, వాటి అందం చూసి కాదు. 2015 డిసెంబరులో సీజర్ కునికోవ్ అనే రష్యన్ నౌక వెళ్తుండగా డెక్కు మీద ఒక సైనికుడు భుజాన క్షిపణి ప్రయోగ గొట్టం పెట్టుకుని నిలబడిన ఫోటో బయటికి వచ్చినప్పుడు, తుర్కియే ప్రభుత్వం అధికారికంగా అభ్యంతరం తెలిపింది. ఒడ్డున నిలబడి తీసిన ఫోటో రెండు దేశాల మధ్య వివాదంగా మారిన సందర్భం అది.

అందువల్ల నా సలహా ఏమిటంటే, ప్రతి నౌకకు కనీసం మూడు ఫోటోలు ఉండాలి: ముందు నుంచి ఏటవాలుగా అంకె కనబడేది, నీటి గీత స్పష్టంగా ఉన్న నేరు పక్క భాగం, జెండా, పేరు కనబడే వెనుక భాగం. బయలుదేరే ముందు కెమెరా గడియారాన్ని స్థానిక సమయానికి సరిచేసుకోండి. తేదీ, సమయం, దిశ లేని ఫోటో ఈ లోకంలో ఎవరికీ పనికిరాదు, ఎంత బాగా వచ్చినా.

పోలీసుల సంగతి. జనం తిరిగే ఒడ్డు మీది నుంచి, జలసంధిలో వెళ్తున్న నౌకను తీస్తున్నందుకు నన్ను ఎవరూ ఆపలేదు. ఒకసారి ఒక కాపలా మనిషి వచ్చి ఏం తీస్తున్నావని అడిగాడు. కెమెరా తెర చూపించి, నౌకల ఫోటోలు తీయడం నా సరదా అని చెప్పాక టీ తాగుతావా అని అడిగి వెళ్ళిపోయాడు. కాని నౌకాదళ స్థావరాలు, నౌకా నిర్మాణ కేంద్రాలు, గోడల మీద సైనికుడి బొమ్మతో ఎర్రటి నిషేధ పలకలు ఉన్న చోట్లు పూర్తిగా వేరు. అటువైపు కెమెరా ఎత్తకండి, ఆ దిశలో నౌక ఉన్నా సరే. జలసంధి ఉత్తర భాగంలో ఇలాంటి పలకలు ఎక్కువగా కనబడతాయి. డ్రోన్ జోలికి అసలే పోవద్దు. యుద్ధం పక్కనే నడుస్తున్న కాలం కాబట్టి, నౌక దాటిపోయాక కొన్ని గంటలు ఆగి ఫోటో పెట్టడం, నావికుల ముఖాలు గుర్తుపట్టేంత దగ్గరగా కత్తిరించకపోవడం నా పద్ధతి. ఇది చట్టం కాదు, నాకు నేను పెట్టుకున్న హద్దు.

మీ నాలుగు రోజుల విషయానికి వస్తే, ఒక రోజు ఊరి నడుమ ఉన్న ఎమినోను రేవు నుంచి జలసంధి ఉత్తర కొసకు దగ్గరున్న అనాదొలు కవాగి దాకా వెళ్ళే ఫెర్రీకి కేటాయించండి. జలసంధి దాదాపు మొత్తం కనబడుతుంది, ఏ మలుపు దగ్గర వెలుగు ఎలా ఉంటుందో ఆ ప్రయాణంలోనే తెలిసిపోతుంది. మిగతా రోజుల్లో ఉదయం కందిల్లి వైపు, మూడు దాటాక రుమేలీ హిసారీ వైపు నిలబడండి. మీ రాక సెప్టెంబరు 27 దగ్గరికి పడితే, అది తుర్కియే నౌకాదళ దినోత్సవం. నౌకలను ప్రజల సందర్శనకు తెరుస్తున్నారేమో స్థానిక వార్తల్లో చూసుకోండి. యుద్ధనౌక ఒక్కటీ రాకపోతే వాణిజ్య నౌకల మీద సాధన చేయండి. పెద్ద ట్యాంకర్ మలుపు తీసుకునేటప్పుడు పక్కన దాన్ని తోసే, లాగే టగ్ పడవ ఎలా సర్దుకుంటుందో చూడడానికైనా ఆ ఒడ్డున ఒక పూట కూర్చోవచ్చు.